చొట్టపడ్డ బంతి

పొద్దున లోపల గడియ పెట్టుకున్న స్టేషన్ మాస్టరు గారు మధ్యాహ్నం దాటినా తలుపు తియ్యలేదు.

గుమ్మం ముందు పెట్టిన కాఫీ మీద మీగడ కట్టింది. ఆయన కూతురు, టీచరు, ఆ గ్లాసు తీసేసి, వేడిగా ఇంకోటి తెచ్చిపెట్టి మళ్లీ తలుపు తట్టింది. లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. కుర్చీ మాత్రం కిర్రుమంది. అంటే తండ్రి మెలకువగానే ఉన్నాడు, వింటూనే ఉన్నాడు. జవాబివ్వదలచుకోలేదంతే.

ఉద్యోగం నుంచి దిగి ఎన్నేళ్లయినా ఆ ఇంట్లో ఆయన జెండా ఊపందే ఏ బండీ కదిలేది కాదు. ఎవరు ఎప్పుడు తినాలి, ఎవరు ఎక్కడికి వెళ్లాలి, పాలవాడు ఏ గుమ్మం దగ్గర నిలబడాలి, అన్నీ ఆయన చెప్పినట్టే జరిగేవి. అలాంటి మనిషి, ఊరంతా తన కోసం కుర్చీలు వేస్తున్న రోజున, తనే బండి ఆపేసి బిగదీసుకు కూర్చున్నాడు.

"ఇంకా అలకేనా?" అన్నాడు ఆమె భర్త, చేతుల గ్రీజు గుడ్డకి తుడుచుకుంటూ.

అతనికి బజారు చివర ఇనుప సామాను చెక్కే సొంత లేతు ఉంది. ఊళ్లో మాత్రం ఎవరూ అతన్ని లేతు మేస్త్రి అనరు, డ్రైవరు కొడుకు అంటారు. నలభై ఏళ్లు పైబడినా ఆ పేరు వదల్లేదు. పదిహేను రోజులుగా లేతు మూసేసి, స్టేషన్లో తుప్పుపట్టి పడున్న, రైలు డ్రైవర్లకి ఇచ్చే ఉక్కు బంతులుండే టోకెన్ మిషన్ విప్పి బాగుచేస్తున్నాడు.

"అలక కాదు. ఒంట్లో బాగాలేదేమో."

"ఒంట్లో బాగానే ఉంది. నా చేతికి బంతి ఇవ్వడమే బాగాలేదు. ఆ మాట నోటితో చెప్పెయ్యొచ్చుగా."

టీచరు మెల్లిగా మాట్లాడమని సైగ చేసింది. అతను గొంతు తగ్గించలేదు. ఇల్లరికపుటల్లుడు అత్తింటి గోడకి వేసిన మేకులాంటివాడని, ఎవరి చొక్కా తగిలిస్తే దాన్ని మొయ్యడమే తప్ప తనకంటూ నోరుండదని, ఎప్పుడూ అనేదే అన్నాడు. ఆ మిషన్ విప్పొద్దని, దాని పేగులు బయటికి తీయకుండా అద్దాల గదిలో పెట్టి చూపిస్తే చాలని మామగారు మొన్నంతా పోరాడితే, పాత సామాను మీద మమకారం అనుకున్నాడట. ఇవాళ అసలు సంగతి అర్థమైందట. బంతి లేకుండా బండి తోలినవాడి కొడుక్కి నలుగురి ముందు బంతి అందించడం ఆయనకి నామోషీ.

"నువ్వేగా ఈ వేడుక పెట్టింది" అన్నాడు చివరికి. "నువ్వే చెప్పు ఆయనకి." సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట నిజమే. పెట్టింది ఆమే.

నది వంతెన కూలిన దగ్గర్నుంచి ఆ ఊరికి రైలు లేదు. వంతెన మళ్లీ కట్టలేదు, పట్టాలు పీక్కుపోయారు, స్టేషన్ మాత్రం మిగిలింది. టికెట్ల గదిలో పావురాలు, వెయిటింగు హాల్లో పేకాటరాయుళ్లు, సరుకుల షెడ్డులో ఎవరివో మేకలు. దాన్ని పడగొట్టి బస్సులు నిలపడానికి చోటు చేద్దామని పురపాలక సంఘం తీర్మానించినప్పుడు, హైస్కూల్లో చరిత్ర చెప్పే టీచరు అడ్డం పడింది. పిల్లలకి ఎక్కడెక్కడి కోటల కథలో చెబుతున్నాం, మన ఊరి గోడల మాట వాళ్లకి ఎవరు చెబుతారని అడిగింది. కమిటీ పెట్టింది. వానకి కారే పెంకులు మార్పించింది. కమాను టికెట్ కిటికీ మీద అయిదు పొరల సున్నం గీకించింది. గంట కొట్టే పట్టా ముక్కని ఎవరింటి దొడ్లోంచో వెతికి తెప్పించింది.

అయినా ఛైర్మన్ మనసు మారింది గోడలు చూసి కాదు, మాస్టరు కథ విని. వరద రోజున ఆయన నదిలోకి దూకి పదిమందిని ఒడ్డుకు లాగిన కథ అది. "ఇలాంటి మనిషి పనిచేసిన స్టేషన్ని కూల్చితే పాపం తగులుతుంది" అన్నాడు ఛైర్మన్. స్టేషన్ నిలబడింది ఆ ఒక్క కథ మీద.

ఆ కథకి ఇంకో సగం ఉంది. అది ఈ ఇంట్లో ఎవరూ పైకి అనరు.

ఒంటి లైను మీద బండి కదలాలంటే బంతి కావాలి. మాస్టరు టోకెన్ మిషన్లోంచి ఒక ఉక్కు బంతి తీసి, తోలుసంచిలో పెట్టి, ఆ సంచి కట్టిన పేము వలయాన్ని ఇంజను డ్రైవరు చేతికిస్తాడు. డ్రైవరు సంచి విప్పి, బంతి మీద చెక్కిన రెండు స్టేషన్ల పేర్లూ పైకి చదివి, అప్పుడు కూత వేస్తాడు. బంతి చేతిలో లేకపోతే సాక్షాత్తూ దేవుడే వచ్చి పచ్చజెండా ఊపినా బండి కదలకూడదు. ఆ రోజు వంతెన మీదికి నీళ్లెక్కాయని అవతల్నుంచి కబురొచ్చింది. మాస్టరు బంతి ఇవ్వలేదు. డ్రైవరు తొందరపడి బంతి లేకుండానే బండి తోలుకుపోయాడు. వంతెన కూలి ఇంజనూ పెట్టెలూ నదిలో పడ్డాయి. విచారణకొచ్చిన అధికారులు మిషన్ ముల్లు చూశారు. లైను మూసి ఉన్నట్టు, బంతులన్నీ లోపలే ఉన్నట్టు చూపించింది. ఇంతకంటే రుజువేం కావాలి?

డ్రైవరు ఆసుపత్రిలో మర్నాడు పోయాడు. మాస్టరు గారు చాలా ఏళ్లు గడిచాక తన ఒక్కగానొక్క కూతుర్ని ఆ డ్రైవరు కొడుక్కిచ్చి పెళ్లి చేసి, తల్లినీ కొడుకునీ తన ఇంటికే తెచ్చుకున్నాడు. మనిషంటే ఆయనని ఊరు వేనోళ్ల పొగిడింది.

అందుకే టీచరుకి ఆ ఊహ తట్టింది. స్టేషన్ తెరిచే వేళ మాస్టరు తన పాత యూనిఫారంలో నిలబడి బంతిని డ్రైవరు కొడుకు చేతికివ్వాలి. ఆనాడు తండ్రి అందుకోని బంతిని ఈనాడు కొడుకు అందుకోవాలి. కమిటీలో ఆ మాట చెప్పగానే ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. ఆ ముక్కనే ప్లాట్‌ఫారం గేటు పక్కన రాతి మీద చెక్కించారు కూడా.

*

హాల్లో పాత పత్రికలు పరుచుకుని, కిరసనాయిలు బేసిన్ ముందు పెట్టుకుని, అత్తగారు బంతులు తుడుస్తోంది.

మిషన్లోంచి తీసిన బంతులని గ్రీజు గడ్డలతో సహా బకెట్లో వేసి నిన్న సాయంత్రం కొడుకే తెచ్చాడు. చివరిది మిషన్ గొంతులో అడ్డం పడి ఎంతకీ రాలేదని, కొట్టి కొట్టి తీశానని చెప్పాడు. ఈ పూట బంతులు తుడిచిస్తే తను మిషన్ బిగించుకుంటానన్నాడు. పొద్దున కాఫీకి హాల్లోకి వచ్చిన మాస్టరు ఆ బకెట్ చూసి, వెనక్కి తిరిగి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు.

అత్తగారు ఎప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఈ ఇంట్లో ఆమె పక్కలు దులిపి, కూరలు తరిగి, అందరూ తిన్నాక తిని, వియ్యంకుడు హాల్లోకొస్తే వంటింట్లోకి తప్పుకుంటూ వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషని ఇరుగుపొరుగు అనేవారు. తప్పుచేసినవాడి భార్య కదా, తల దించుకోక ఏం చేస్తుందని కూడా అనేవారు.

టీచరు ఎదురుగా కూర్చుని ఒక గుడ్డ అందుకుంది. అన్నిట్లోకీ బాగా మెరిసే బంతిని ఏరి పొద్దునే తోలుసంచిలో పెట్టి వలయంతో సహా గోడకి తగిలించింది. మిగిలినవి నిగనిగలాడుతూ బుట్టలో ఉన్నాయి. అత్తగారి చేతిలో మాత్రం ఒకే బంతి ఎంతసేపటికీ అలాగే ఉండిపోయింది. ఆమె దాన్ని తుడవడం లేదు. వేలితో తడుముతోంది.

"ఇలా ఇవ్వండి అత్తయ్యా, నేను చూస్తాను."

అందుకుంది. ఒక పక్క లోతుగా చొట్ట పడి ఉంది. చెక్కిన పేర్లలో ఒకటి సగం నలిగిపోయింది. చొట్ట చుట్టూ ఉక్కు నిప్పులో కాలినట్టు నీలంగా మారింది. అక్షరాల గాడుల్లోంచి గ్రీజు కరిగిపోయాక సన్నటి ఇసుక బయటపడుతోంది. నది ఇసుక.

"ఇది మీ అబ్బాయి కొట్టిన దెబ్బేమో" అంది టీచరు. ఆ మాట అంటున్నప్పుడే నమ్మకం లేదు.

"వాడు కొట్టింది కొయ్య సుత్తితో. కొయ్య దెబ్బకి ఉక్కు చొట్టపోతుందా?"

దూరంగా స్టేషన్లో మైకు పరీక్షిస్తున్నారు. హలో హలో అంటున్న గొంతు గాలివాటుకి హాల్లోకి వచ్చి పోతోంది.

టీచరు బంతిని చేతిలో తిప్పింది. బంతులన్నీ ఆ రోజు మిషన్లోనే ఉన్నాయి. ఏ బంతీ బయటికి రాలేదు. ముల్లు సాక్షి, మాస్టరు సాక్షి. మరి మిషన్ దాటని బంతి ఏ నిప్పులో కాలింది? ఏ నది ఇసుకలో దొర్లింది? లెక్కల్లో ఆమె ఏనాడూ గట్టిది కాదు గాని, ఈ లెక్కకి చదువక్కర్లేదు. ఇది ఇంజనులో ఉంది. ఇంజనుతో పాటు నదిలో పడింది. అక్కడ్నుంచి దాన్ని ఎవరో తెచ్చి, చొట్టతో సహా మిషన్ నోట్లోకి కుక్కారు.

అందరికంటే ముందు నదిలోకి దూకింది ఒక్కరే.

తండ్రి పదిమందిని లాగిన మాట అబద్ధం కాదు. బతికి బట్టకట్టినవాళ్లు ఇంకా ఊళ్లో తిరుగుతున్నారు. కాని దూకినప్పుడు ఆయన ముందు దేనికోసం దూకాడు? ఆ ప్రశ్న రావడమే ఆమెకి మహాపాపం చేసినట్టనిపించింది.

"మీకు తెలుసా?" అని అడిగింది.

అత్తగారు చేతులు గుడ్డకి తుడుచుకుంది. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకుంది. అప్పుడు చెప్పింది. ఆసుపత్రిలో భర్తకి ఒక్కసారి తెలివొచ్చిందట. 'బంతి నాకిచ్చాడే' అన్నాడట. అదే మాట మళ్లీ మళ్లీ అని కన్ను మూశాడట. మిగతాది ఆ మాటా ఈ మాటా కలిపి ఆమె తనే కూడదీసుకుంది. బంతి ఇచ్చి జెండా ఊపాకే మాస్టరు గదిలోకి వెళ్లి ఫోనెత్తాడు. అంతకుముందు నుంచీ ఆ ఫోను మోగుతూనే ఉందట. పరిగెత్తుకొచ్చేసరికి బండి దాటిపోయింది.

"ఫోను ఎత్తకపోవడం పొరపాటు. అది ఎవరికైనా జరుగుతుంది" అంది అత్తగారు. "ఆ తరవాతది పొరపాటు కాదు."

"మరి ఎందుకు ఊరుకున్నారు అత్తయ్యా?"

"ఎవరితో చెప్పను? ఊరు ఊరంతా మీ నాన్నని భుజాల మీద మోస్తోంది. నా చంకలో పిల్లాడు. చచ్చినవాడి మాటకి సాక్షి ఎవరు?" బేసిన్ పక్కకి జరిపింది. "పిల్లాడు పెద్దయ్యాక అన్నయ్యగారే మా గుమ్మంలోకి వచ్చారు. చెల్లెమ్మా, నా కూతుర్ని నీ కొడుక్కిస్తాను అన్నారు. ఇంకేమీ అనలేదు. నేనూ ఇంకేమీ అడగలేదు."

"అంటే నన్ను…"

అత్తగారు ఆ మాట పూర్తి చెయ్యలేదు. కాదని కూడా అనలేదు.

తన పెళ్లి ఊరంతా చెప్పుకునే పుణ్యకార్యం అని ఇన్నాళ్లూ లోలోపల గర్వపడింది. మొగుడితో మాటామాటా వచ్చినప్పుడు, మా నాన్న మనసు పెద్దది కాబట్టి సరిపోయిందని రెండుసార్లు అననే అంది. ఆ రెండుసార్లూ ఇదే హాల్లో, ఈమె వింటుండగానే అంది. తనని కూడా ఒక సంచిలో పెట్టి చేతులు మార్చారు. సంచి విప్పి చూసుకోవాలన్న ఆలోచనే తనకి రాలేదు.

గాలి ఇటు తిరిగింది. మైకులో ఎవరో ఉపన్యాసం సరిచూసుకుంటున్నారు. "ఆనాడు తండ్రి అందుకోని బంతిని ఈనాడు కొడుకు…"

అత్తగారు తలెత్తి ఆ మాట చివరిదాకా వింది.

"ఇన్నేళ్లూ పళ్లబిగువున ఓర్చుకున్నాను. నాలుగు నోళ్లలో మాట, మనుషులతో పాటే పోతుందిలే అనుకున్నాను. రాతి మీద చెక్కించారుటగా. రాయి ఎక్కడికి పోతుంది?"

"నాకు తెలీదు అత్తయ్యా. నిజంగా తెలీదు."

"నీకు తెలీదు. ఆయనకి తెలుసుగా. వద్దనలేదే."

టీచరు అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. ఈ ఒక్క సాయంత్రం గడవనివ్వమని బతిమాలింది. ఇవాళ బయటపడితే తండ్రి ఆ కుర్చీలోంచి లేవలేడు, స్టేషన్ రేపటికి నిలవదు, ఇక భర్త ఈ ఇంట్లో తన ముఖం చూస్తాడో లేదో. రేపు తనే అందరినీ కూర్చోబెట్టి చెబుతుంది. రాయి మార్పిస్తుంది. ఒట్టేసింది.

అత్తగారు ఆ చేతుల వంకే చూసింది. "నీ ఇష్టం అమ్మా. మీ నాన్న" అని బంతిని వదిలేసింది.

టీచరు దాన్ని గుడ్డలో చుట్టి కుట్టుమిషన్ సొరుగులో, దారపు ఉండల కింద దాచింది. సొరుగు మూసి తండ్రి గది ముందుకి వెళ్లి నిలబడింది. ఈసారి తలుపు తట్టలేదు. చెక్కకి నోరు దగ్గరగా పెట్టి మెల్లిగా చెప్పింది.

"నాన్నా, చొట్టపడ్డ బంతి నేను తీసి దాచేశాను. ఎవరి కంటా పడదు."

ఏ చొట్ట, ఏ బంతి, ఏం మాట్లాడుతున్నావని ఆయన అడగాలి. అడుగుతాడని ప్రాణం ఉగ్గబట్టుకుని నిలబడింది. అలా అడిగితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు, అత్తగారిదే పొరపాటనుకుని జీవితాంతం నమ్మేస్తుంది.

లోపల గడియ తీసిన చప్పుడైంది.

మాస్టరు గారు తెల్ల యూనిఫారంలో ఉన్నాడు. ఇత్తడి బొత్తాములు మెరుస్తున్నాయి. గడ్డం నున్నగా గీసుకున్నాడు. టోపీ చంకలో ఉంది. పొద్దున్నుంచీ అలా తయారై కుర్చీలో కూర్చునే ఉన్నాడన్నమాట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్న సామెత ఆమె క్లాసులో పిల్లలకి ఎన్నిసార్లు నవ్వుతూ చెప్పిందో.

"వేళవుతోందా?" అన్నాడు. కూతురి ముఖంలోకి చూడలేదు. గుమ్మంలో చల్లారిన కాఫీ తీసుకుని నిలబడే తాగేశాడు.

*

భర్త తిరిగొచ్చేసరికి మామగారు హాల్లో టోపీ సర్దుకుంటూ కనిపించాడు. అతని ముఖం ఒక్కసారిగా విప్పారింది. మధ్యాహ్నం అన్న మాటలకి సిగ్గుపడ్డట్టు తల గోక్కున్నాడు. మిషన్ గంట మోగుతోందని, ముల్లు తిరుగుతోందని, మీరొచ్చి మీట నొక్కితే చాలని గబగబా చెప్పాడు. బుట్టలో బంతులు చూసి, ఒకటి తగ్గినట్టుందే అన్నాడు.

"ఒకటి సంచిలో పెట్టాం కదరా" అంది అత్తగారు, పత్రికలు మడుస్తూ. ఇవాళ ఆమె వంటింట్లోకి తప్పుకోలేదు.

టీచరు బుట్ట వంక చూసింది. అన్నిటికంటే పైన, అన్నిటికంటే నిగనిగలాడుతూ, పొద్దున తను ఏరి సంచిలో పెట్టిన బంతి ఉంది.

మెల్లిగా కుట్టుమిషన్ దగ్గరికి నడిచింది. సొరుగు వేలెడంత తెరిచి ఉంది. లోపల దారపు ఉండలున్నాయి, గుడ్డ ఉంది. గుడ్డలో ఏమీ లేదు.

గోడ మీది తోలుసంచికి పొద్దున తను వదులుగా పెట్టిన పట్టీ ఇప్పుడు ఆఖరి కన్నం దాకా బిగించి ఉంది.

అత్తగారు ఆమె వంకే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. చెప్పేదేదో నువ్వే చెప్పుకో అన్నట్టుంది.

చెబితే భర్త వింటాడు. చెప్పకపోతే ఊరు వింటుంది. టీచరు సొరుగు మూసేసింది.

మాస్టరు గారు చెయ్యి చాచి వలయం అందుకున్నాడు. పాత అలవాటు కొద్దీ దాన్ని భుజానికి తగిలించుకోగానే నడుం దానంతటదే నిటారైంది. సంచి బరువు అరచేతిలో ఒకసారి ఎగరేసి చూసుకుని చిన్నగా నవ్వాడు కూడా.

"నాన్నా" అంది టీచరు. "ఒక్కసారి… ఆ సంచి విప్పి చూసుకో."

"విప్పి చూసుకోవాల్సింది పుచ్చుకునేవాడమ్మా" అన్నాడు మాస్టరు గారు, చెప్పులు వేసుకుంటూ. "ఇచ్చేవాడికి అక్కర్లేదు."

"నేను చూస్తాలెండి మావయ్యగారూ" అన్నాడు డ్రైవరు కొడుకు, తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ. "పేర్లు పైకి చదవాలిగా. మైకు కూడా పెట్టించాను."